గట్టు మీద దర్జీ

ఒక సినిమా బాగుందో లేదో తెలుసుకోవడానికి లోకంలో చాలా దారులున్నాయి. పేపరు చూడొచ్చు, ఫోను చూడొచ్చు, హాల్లోంచి బయటికొస్తున్నవాళ్ళ మొహాలు చూడొచ్చు. ఆ మేడ మీది కుట్టుగదిలో మాత్రం ఒకటే దారి. భోజనాలయ్యాక మాస్టారు నోరు విప్పేదాకా ఆగాలి.

మాస్టారంటే బడిలో మాస్టారు కాదు, కటింగ్ మాస్టారు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని, గది నడుమ పొడుగాటి బల్ల ముందు నిలబడి పొద్దస్తమానం చొక్కాలు కత్తిరిస్తుంటాడు. ఆయనకి గుడ్డ భాష తప్ప మరో భాష రాదు. మొన్నటికి మొన్న ఊరంతా ఎగబడి చూసిన లారీ అన్నదమ్ముల సినిమాని, "మొదటి సగం లూజు, రెండో సగం టైటు. వేసుకున్నవాడికి ఊపిరాడదు, చూసేవాడికి నవ్వాగదు" అని తేల్చేశాడు. ఎవరో మెచ్చుకున్నారని చదివించుకున్న ఒక లావుపాటి పుస్తకాన్ని, "అంతా లైనింగే, పైగుడ్డ ఏదమ్మా" అని అడిగాడు. ఒక సంఘటన మిగతా కథతో పొసగకపోతే 'అతుకు కనపడుతోంది' అంటాడు. అలాంటివి నాలుగు కలిస్తే అది అతుకులబొంత. అన్నీ కుదిరిన కథకి మాత్రం ఆయన దగ్గర ఒకే ఒక్క మాట ఉంది. అతికింది. ఆ మాట ఆయన నోట ఈమధ్య ఎవరూ విన్న పాపాన పోలేదు.

మిగతావాళ్ళేం తక్కువ తిన్నవాళ్ళు కాదు. ఆ గదిలో ఎవరు ఏది కుడితే అదే ఇంటిపేరు. జేబులు కుట్టే వదిన జేబుల వదిన. ఆవిడకి ఫైట్లు కావాలి. ఫైట్లు లేని సినిమా చూసొచ్చిన రోజున, "ఇంటర్వెల్లోనే లేచి వచ్చేద్దామనుకున్నా, చేతిలో పాప్‌కార్న్ అయిపోలేదని కూర్చున్నా" అంటుంది. కాలర్లు కుట్టే బాబాయ్‌ది పూర్తిగా ఇంకో దారి. తెల్లమీసాల మనిషి, చేతిరుమాలు తడవకపోతే అదసలు కథే కాదంటాడు. చొక్కా చేతులు అతికించే పిల్ల ఒకతె ఉంది, అందరికీ చేతులమ్మాయి. ఆమెకి పుస్తకమైనా సినిమా అయినా ఒక్కటే ప్రశ్న. "ఆఖర్న బాగానే ఉంటారుగా?"

ఇక కాజాలక్క. గుండీలు పట్టే కన్నాలకి, అంటే కాజాలకి, చేత్తో అంచు కుట్టి, ఎదురుగా గుండీ కుడుతుంది. పని కిటికీ కింద ముక్కాలిపీట మీద. కానీ ఆవిడ గొప్ప అది కాదు. భోజనాలయ్యాక కాసేపు ఆవిడ సూది పక్కన పెట్టి పుస్తకం తీస్తుంది. పైకి చదువుతుంది. మిగతావాళ్ళు కుడుతూ వింటారు. ఆ కాసేపట్లో వెనకబడ్డ కాజాలు సాయంత్రం తలా కాసిని పంచుకుంటారు. ఓనరమ్మకి ఈ సంగతి తెలుసు. పుస్తకం నడిచినంతసేపూ మిషన్ల దగ్గర కబుర్లుండవని గ్రహించి, ఆవిడ కూడా మెట్ల మీద నిలబడి వింటుంది.

చదవడమంటే అప్పగించినట్టు చదవడం కాదు. ముసలాడి మాటకి ముసలి గొంతు, పోలీసు మాటకి పోలీసు గొంతు. ఆమధ్య ఒక హత్యల పుస్తకం చదువుతుంటే మొదట్లోనే ఒకడి కోటుకి గుండీ ఊడిపోయిందని వచ్చింది. ఆవిడ చదవడం ఆపి, "గుండీ ఊరికే ఊడదు. వీడే చంపాడు" అంది. చివరికి వాడే చంపాడు. ఆ రచయిత అంత కష్టపడి దాచినదాన్ని గుండీ కుట్టే మనిషి అలా పట్టేసుకోవడం పాపం ఆయనకి అన్యాయమే, కానీ గదిలో మాత్రం ఆ రోజు ఆవిడకి ఎదురులేకుండా పోయింది.

ఆవిడకొక నియమం ఉంది. పుస్తకాన్ని ముందుగా ఇంటి దగ్గర చదవదు. తర్వాతి పేజీలో ఏముందో అందరితో పాటే తనకీ తెలియాలి. పాత పుస్తకాల కొట్లో అట్ట చూసి కొనడం, నేరుగా తెచ్చి చదవడం. చదివేటప్పుడు ఒక్కో వరస కింద చూపుడువేలు నడుస్తూ ఉంటుంది, కాజా అంచున సూది నడిచినట్టే. ఈ నియమమే ఆవిడ కొంప ముంచింది.

అది పడవ నవల. అసలు పేరేదో ఉంది గాని ఆ గదిలో అన్ని పుస్తకాలకీ ముద్దుపేర్లే. పెద్ద ఏరు, రేవులో పడవ, పడవ నడిపే తండ్రి, అతని కూతురు. పిల్ల చిన్నప్పట్నుంచీ తెడ్డు పట్టిన దిట్ట. పడవని మలుపు తిప్పాలంటే తండ్రి వెనక్కి చూడకుండానే పిల్లని పిలిచేవాడు. అందుకని ఆ పిల్లని 'చుక్కాని' అనేవాడు. చుక్కాని లేకపోతే పడవ ఎటు పోతుందో తెలియదు కదా, అలా. తండ్రి మంచాన పడ్డాక రేవు మొత్తం ఆ పిల్లే నడిపింది.

అప్పుడు చేతులమ్మాయి నిండు నెలలతో ఉంది. తొలి కానుపు, ఒళ్ళంతా భయం. భర్త దూరంగా ఎక్కడో వంతెన పనిలో ఉన్నాడు. చుక్కాని మీద ప్రాణం పెట్టుకుంది. రోజూ పుస్తకం మూసేటప్పటికి, "అక్కా, చుక్కానికి ఏం కాదుగా?" అని అడిగేది. తర్వాతి పేజీ తనకీ తెలియదు గాని, అడిగిన మనిషి మొహం చూసి కాజాలక్క, "దానికేం అవుతుందే, గుండ్రాయిలా ఉంటుంది" అనేది.

ఒక మధ్యాహ్నం ఏటికి వరదొచ్చింది, పుస్తకంలో. అవతలి గట్టున చిక్కుపడ్డవాళ్ళని చుక్కాని ఇవతలికి చేరవేస్తోంది. ఆఖరి విడతలో పడవ రెండు ముక్కలైంది. ఉన్నవాళ్ళందరినీ గట్టుకి తోసేసి, చుక్కాని ఒక్కతే నడి ఏట్లో మిగిలింది. కాజాలక్క వేలు తర్వాతి వరస మీదికి వెళ్ళింది. ఆ వరసలో, చుక్కాని మళ్ళీ పైకి రాలేదు, అని ఉంది.

ఆవిడ తలెత్తింది. చేతులమ్మాయి మిషను ఆపేసి, కడుపు మీద చెయ్యి వేసుకుని, కళ్ళార్పకుండా చూస్తోంది. కాజాలక్క మళ్ళీ పేజీలోకి తల దించింది. అయితే నోరు మాత్రం పేజీని వదిలేసి తన దారిన తను వెళ్ళిపోయింది.

"గట్టు మీద ఒక దర్జీ ఉన్నాడు" అని చదివింది, ఎక్కడా లేనిదాన్ని. "ఆయన చంకలో ఒక తాను గుడ్డ ఉంది. తాను మొత్తం విప్పి, మోకులా మెలిపెట్టి, ఒక కొస తన నడుముకి బిగించుకుని, రెండో కొస నీళ్ళలోకి విసిరాడు. చుక్కాని చేతికి గుడ్డ తగిలింది."

గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. జేబుల వదిన మిషను మీద చరిచి, "మనవాడు" అంది. "చూశారా, మనవాడే కాపాడాడు."

ఒక అబద్ధం ఆడితే సరిపోతుందనుకుంటాం గాని, అది తన చుట్టాలందరినీ వెంటేసుకుని వస్తుంది. పుస్తకంలో ఇంకా బోలెడు పేజీలు మిగిలాయి. వాటినిండా చుక్కాని కోసం ఊరు ఏడవడమే. పుస్తకం సగంలో మూసేస్తే ఊరుకునే మనుషులా వీళ్ళు. కాజాలక్క చల్లగా, ఎక్కడ 'ఏడ్చారు' అని ఉంటే అక్కడ 'నవ్వారు' అని చదువుకుంటూ పోయింది. ఒకచోట నోరు జారి, "ఊరంతా కళ్ళు తుడుచుకుంది" అనేసి, వెంటనే, "నవ్వి నవ్వి" అని కలిపింది. దర్జీ చుక్కానికి కొత్త బట్టలు కుట్టాడు. తండ్రి మంచం దిగి రేవుకి నడిచొచ్చాడు. కొత్త పడవ వచ్చింది. అలా రోజుకింత అల్లి పుస్తకం పూర్తిచేసేసరికి ఆవిడకి ఒళ్ళు హూనమైపోయింది.

తీర్పు రోజున ఎవరూ వంక పెట్టలేదు. మామూలుగా ఏడుపు కోరే బాబాయ్ కూడా, సంతోషంతో రుమాలు తడిసిందని ఒప్పుకున్నాడు. మాస్టారు మాత్రం సుద్దముక్క చెవి మీంచి తీసి, అటూ ఇటూ తిప్పి, "బాగుంది. కానీ ఒకచోట అతుకు కనపడుతోంది. అంత వరదలో ఆ దర్జీ గట్టు మీద ఏం చేస్తున్నట్టు? అదీ తాను గుడ్డతో?" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కాజాలక్క పుస్తకం గబగబా సంచిలో దాచేసింది. జేబుల వదిన మాత్రం మాస్టారి మీద విరుచుకుపడింది. "ఇన్ని పుస్తకాలు విన్నాం. డాక్టర్లున్నారు, రాజులున్నారు, దొంగలున్నారు. ఇన్నాళ్ళకి ఒక కథలో మనవాడొకడు కనపడితే, ఎందుకొచ్చావని అడుగుతారేంటండీ?" మాస్టారు సుద్దముక్క మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే చేతులమ్మాయి ఆడపిల్లని కన్నది. కష్టమైన కానుపే. నొప్పులు పడుతున్నంతసేపూ ఆ దర్జీ విసిరిన తాను గుడ్డ పట్టుకున్నట్టే అనుకున్నానని, తిరిగి పనిలోకి వచ్చాక కాజాలక్కతో చెప్పింది. పాపకి ఆస్పత్రి కాగితాల్లో ఏదో పేరుంది. పిలిచే పేరు మాత్రం చుక్కాని. ఇప్పుడు పాప కుట్టుగదిలోనే పెరుగుతోంది. మాస్టారు బల్ల కింద, పీలికల బుట్టలో నిద్ర, బుట్ట బయట పాకడం.

అంతా చల్లగా నడుస్తుండగా ఎదురు గోడకి పోస్టరు పడింది. పెద్ద ఏరు, రేవు, చేతిలో తెడ్డుతో ఒక పిల్ల. కింద, ప్రసిద్ధ నవల ఆధారంగా, అని.

"మన పడవ నవల" అని కిటికీలోంచి చూసి జేబుల వదిన గావుకేక పెట్టింది. గదిలో అందరూ కిటికీకి మూగారు. ఆ పెద్ద గోలలో ఒక్క కాజాలక్క వేలికే సూది గుచ్చుకుంది. ఓనరమ్మ అప్పటికప్పుడు మెట్ల మీంచి ఆర్డరేసింది. శనివారం మధ్యాహ్నం పని లేదు, అందరూ సినిమాకి, పాపతో సహా.

"పుస్తకం చదివాక సినిమా చూడకూడదంటారు" అని కాజాలక్క నసిగింది. "మన ఊహ పాడవుతుందట."

"నా ఊహకేం కాదులే. నాకు ఆ దర్జీగా ఎవరు వేశారో చూడాలి" అన్నాడు బాబాయ్. "కాస్త మీసాలుంటే బాగుణ్ణు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పటికి కాజాలక్క కుడితిలో పడ్డ ఎలకలా ఉంది. నిజం బయటపడితే ఏమవుతుందో ఆవిడకి స్పష్టంగా తెలుసు. ఇకమీదట ఏ పుస్తకం తెరిచినా, ఇది నిజంగా ఉన్నదేనా, నీ కల్పనా, అని అడుగుతారు. ముక్కాలిపీట మీద కూర్చుని చదివే ఆ కాసేపే రోజంతటికీ ఆవిడ సంతోషం, అది పోతుంది. దాన్ని కూడా సర్దుకోవచ్చు. కానీ ఒక తల్లి తన బిడ్డని రోజుకి వందసార్లు ఒక మునిగిపోయిన పిల్ల పేరుతో పిలుస్తోంది. ఆ సంగతి ఆమెకి చీకటి హాల్లో, నలుగురి మధ్యా తెలియబోతోంది. దీన్ని ఎలా సర్దుకోవాలో ఆవిడకి అంతుపట్టలేదు.

భర్తకి చెప్పింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. సినిమాల విషయంలో ఆయన లెక్క సూటిగా ఉంటుంది. బాగా నిద్రపడితే మంచి సినిమా, మెలకువొస్తే చెత్త సినిమా. అంతా విని ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, "ఇందులో భయపడేదేముందే? సినిమావాళ్ళు కథ మార్చేశారని చెప్పు. లోకంలో ఎవడైనా నమ్ముతాడు" అన్నాడు.

కాజాలక్కకి ప్రాణం లేచొచ్చింది. అవును కదా. పుస్తకాన్ని సినిమావాళ్ళు పాడుచేస్తారన్నది చిన్నపిల్లలకి కూడా తెలిసిన విషయం. ఇన్నాళ్ళూ ఉత్తపుణ్యానికి తిట్లు తిన్న సినిమావాళ్ళు, ఇంకొక్కసారి తింటే అరిగిపోతారా.

శనివారం వరసగా కూర్చున్నారు. ఒక కొసన మాస్టారు, ఒక కొసన కాజాలక్క, నడుమ చేతులమ్మాయి ఒళ్ళో పాప. తెర మీద తండ్రి, "చుక్కానీ" అని పిలవగానే ఒళ్ళోని పాప అటు తిరిగింది. వరసంతా మురిసిపోయింది. సినిమా బాగానే తీశారు. ఏరు ఏరులాగే ఉంది, పడవ పడవలాగే ఉంది. తర్వాత వరదొచ్చింది.

"ఇప్పుడొస్తాడు" అంది జేబుల వదిన గుసగుసగా.

పడవ విరిగింది. "గట్టు చూపించు, గట్టు చూపించు" అని బాబాయ్ తెరకే చెబుతున్నాడు. గట్టు చూపించారు. గట్టు మీద చాలామంది ఉన్నారు. ఒకడి చంకలో ఏదో మూట కనపడింది. "అదిగో, తాను" అన్నాడు బాబాయ్. అది మేకపిల్ల. చుక్కాని చెయ్యి ఒకసారి నీళ్ళ పైకి వచ్చింది. రెండోసారి రాలేదు. సంగీతం మొదలైంది.

"ఇప్పుడు విసురుతాడు, ఉండు" అంది వదిన, గొంతులో అనుమానం మొదలై.

ముందు వరసలో ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, "ఎవరు రావాలండీ?" అన్నాడు.

"దర్జీ."

"ఏ దర్జీ?"

దానికి జవాబు చెప్పే లోపల తెర మీద పేర్లు పడ్డాయి. అందరి పేర్లూ చివరిదాకా చదివాడు బాబాయ్, దర్జీ వేషం వేసినవాడు దొరుకుతాడేమోనని. హాల్లో ఎవరు చూసినా కన్నీళ్ళతో లేస్తున్నారు. ఆ ఒక్క వరస మాత్రం కోపంతో లేచింది.

హాలు బయట టీ బండి దగ్గర సినిమావాళ్ళని ఎవరికి తోచినట్టు వాళ్ళు ఉతికి ఆరేశారు. "అసలు మనిషినే తీసేశారు. దర్జీ లేకుండా ఆ కథకి తలా తోకా ఉందా" అంది వదిన. "దర్జీ అంటే చులకన. అదే డాక్టరైతే తీసేవాళ్ళా?" అన్నాడు బాబాయ్, ఏడవడానికి వీలైన సినిమాలో ఏడవలేకపోయిన కసి కొద్దీ. తర్వాత కాజాలక్క వైపు తిరిగాడు. "మార్చేశారు కదక్కా?"

"ఆఁ, మార్చేశారు" అంది కాజాలక్క. గట్టెక్కాననుకుంది. మాస్టారు టీ ఊదుకుంటూ ఎటో చూస్తున్నాడు.

అంతదాకా మాట్లాడని చేతులమ్మాయి ఆవిడ పక్కకి వచ్చింది. పాప భుజం మీద నిద్రపోతోంది. "అక్కా, ఆ పుస్తకం నీ దగ్గరే ఉందిగా? ఒకసారి ఇస్తావా? నాకు చదవడం నెమ్మదిగా వస్తుంది గాని, దర్జీ వచ్చే పేజీ ఒక్కటి నా కళ్ళతో చూసుకోవాలి. లేకపోతే ఈ రాత్రికి నిద్ర పట్టేలా లేదు. ఆ నీళ్ళే కనపడుతున్నాయి."

కాజాలక్క పాప వీపు నిమిరింది. సోమవారం తెస్తానంది.

ఆదివారమంతా ఇంట్లో ముందు నుయ్యి, వెనక గొయ్యి. పుస్తకం పోయిందని చెప్పొచ్చు, ఎలకలు కొట్టేశాయని చెప్పొచ్చు. వరద దగ్గర్నుంచీ పేజీలు చింపేసి, పాత పుస్తకం కదా, ఊడిపోయాయని చెప్పొచ్చు. ఒకసారి చింపడానికి పేజీలు చేత్తో పట్టుకుంది కూడా. పుస్తకం చింపడానికి చెయ్యి రాలేదు. ఆ రాసినాయన మీద కోపమున్నమాట నిజమే. కానీ పేజీ పేజీకీ ఇంత ఏరుని పారించిన మనిషిని చింపడమెలా. భర్తని అడిగితే ఈసారి ఆయన, "గడియారం తప్పు చూపిస్తుంటే ముల్లు తిప్పుతాం. అది కొన్నాళ్ళే. తర్వాత విప్పి చూడాల్సిందే" అన్నాడు. ఆవిడకి ఆయన మీద చాలా కోపమొచ్చింది, నిజమే చెప్పినందుకు.

సోమవారం భోజనాలయ్యాయి. కొత్త పుస్తకం మొదలుపెడుతుందని అందరూ అనుకున్నారు. కాజాలక్క సంచిలోంచి పడవ నవల తీసి, ముక్కాలిపీట మీద కూర్చుని, వరద వచ్చిన చోట పేజీ తెరిచి, చూపుడువేలు వరస కింద పెట్టింది.

"చుక్కాని ఒక్కతే నడి ఏట్లో మిగిలింది" అని చదివింది. గొంతు మార్చలేదు, వణకనివ్వలేదు. "చుక్కాని మళ్ళీ పైకి రాలేదు. గట్టు మీద ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి తెడ్డు ఒకటి కొట్టుకొచ్చి రేవు మెట్లకి తగిలింది."

మిషన్లన్నీ ఆగిపోయాయి. కాజాలక్క పుస్తకం మూసింది. "పుస్తకంలో ఉన్నది ఇది. సినిమావాళ్ళేమీ మార్చలేదు, మార్చింది నేను. దర్జీ నా కల్పన. ఆ తర్వాతంతా నా కల్పనే. మొన్న టీ బండి దగ్గర కూడా అబద్ధమే చెప్పాను."

జేబుల వదినకే ముందు మాట వచ్చింది. "అంటే సినిమావాళ్ళని ఊరికే తిట్టామా?"

"నేను మా వీధిలో కనపడ్డవాడికల్లా చెప్పానే, ఆ నవల్లో ఒక దర్జీ ఉంటాడు, చదవండని" అన్నాడు బాబాయ్ నీరసంగా. "ఒకాయన కొన్నాడు కూడా."

ఎవరూ నవ్వలేదు. అందరూ చేతులమ్మాయి వైపు చూస్తున్నారు. ఆమె లేచి, బల్ల కింద బుట్టలోంచి పాపని ఎత్తుకుని, కాజాలక్క ముందుకి వచ్చి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. "ఎందుకు మార్చావక్కా?"

"నిన్ను చూసి" అంది కాజాలక్క. "ఆ వరస కళ్ళ ముందుంది, ఎదురుగా నువ్వున్నావు. నోరు రాలేదే. ఆ పేరు పాపకి పెడతావని నాకేం తెలుసు? పెట్టిన రోజునుంచీ పాపని నువ్వు పిలిచినప్పుడల్లా నాకు గుండెల్లో కలుక్కుమంటూనే ఉంది. పేరు మార్చుకుంటానంటే మార్చుకో. నన్ను తిట్టినా పడతాను."

చేతులమ్మాయి పాపని ఇంకో భుజానికి మార్చుకుంది. పాప చెయ్యి చాచి కాజాలక్క మెడలో వేసుకున్న దారపు పోగులు లాగుతోంది. తర్వాత ఆమె నెమ్మదిగా, లెక్క సరిచూసుకుంటున్నదానిలా అంది. "ఆస్పత్రిలో నేను పట్టుకున్నది నీ గుడ్డే కదక్కా. పుస్తకంలో ఆయన విసిరింది కాదు. ఆయన అసలేమీ విసర్లేదు. మరి నా పాపకి పెట్టింది మునిగినదాని పేరెలా అవుతుంది? గట్టెక్కినదాని పేరే."

కాజాలక్క ఏడ్చేసింది. బాబాయ్ కూడా ఏడ్చాడు. ఆయన ఆ రోజు నిజంగానే రుమాలు తడిపాడు.

"నాకు అప్పుడే తెలుసు" అన్నాడు మాస్టారు.

అందరూ తిరిగి చూశారు.

"చదివేటప్పుడు అక్క వేలు నడుస్తూ ఉంటుంది. ఆ దర్జీ వచ్చిన దగ్గర్నుంచీ వేలు ఉన్నచోటే ఉండిపోయింది. అప్పుడే తెలిసింది, గుడ్డ మారిందని."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?" అంది వదిన.

"కుడుతున్న మనిషి చెయ్యి మధ్యలో పట్టుకోకూడదు" అన్నాడు మాస్టారు. "అయినా గుడ్డ మంచిదే. నా గొడవంతా అతుకు దగ్గరే. ఇప్పటికీ అడుగుతున్నాను, అంత వరదలో ఆ దర్జీ తానుతో గట్టు మీద ఎందుకున్నాడు?"

కాజాలక్క ముక్కు తుడుచుకుని ఆలోచించింది. ఆవిడకీ తెలియదు. ఆ రోజు నోటికొచ్చినవాడు కదా, ఎందుకొచ్చాడని అడిగే తీరిక ఎక్కడిది.

"అదేం ప్రశ్న మాస్టారూ" అంది చేతులమ్మాయి. "రేవులో మనిషి పడవ కోసం కాక ఇంకెందుకు నిలబడతాడు? అవతలి గట్టున ఎవరికో బట్టలు కుట్టాలి. తాను పట్టుకుని వచ్చాడు. చుక్కాని పడవ కోసం ఎదురుచూస్తున్నాడు."

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. ఇంత తేలిక సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు అందరికీ కాస్త సిగ్గేసింది.

"అక్కా, ఆ పేజీ రాసివ్వు" అంది చేతులమ్మాయి. "పుస్తకంలో పెట్టుకుంటాను. పాప పెద్దదై చదువుకుంటే రెండూ చదువుతుంది."

మాస్టారు నమూనాలు గీసే మందపాటి కాగితం తెచ్చి, పుస్తకం మీద పెట్టి కొలిచి, అంచు పిసరంత కూడా తేడా రాకుండా కత్తిరించాడు. కాజాలక్క బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టింది. చుట్టూ అందరూ మూగి సలహాలిచ్చారు. దర్జీ చొక్కాకి రెండు జేబులుండాలని వదిన పట్టుబట్టింది. మీసాలు తెల్లవని రాయమని బాబాయ్ చెవిలో చెప్పాడు. గుండీలన్నీ సరిగ్గా ఉన్నాయని కాజాలక్క తనంతట తనే రాసుకుంది, ఎవరూ ఆయన్ని అనుమానించకుండా. చిన్న పేజీలో అంతమంది కోరికలు పట్టించేసరికి ఆవిడ అక్షరాలు చీమలంత అయిపోయాయి.

కుట్టే పని చేతులమ్మాయిది. పాపని వదిన చేతికిచ్చి, పుస్తకాన్ని సరిగ్గా ఆ పేజీ దగ్గర విప్పి, కొత్త కాగితాన్ని దాని అంచుకి ఆనించి మిషను సూది కింద పెట్టింది. కాగితానికి కలిసిపోతుందని వదిన తెల్లదారం అందించింది. చేతులమ్మాయి అది పక్కన పెట్టి, ఎర్రదారం ఎక్కించింది.

"అతుకు కనపడిపోతుందే" అంది వదిన.

"కనపడనీ. ఇదేంటని పాప అడుగుతుంది. అప్పుడు చెబుతాను."

మిషను టకటకమని ఒక్క పరుగు తీసి ఆగింది. ఆమె దారం తెంపి పుస్తకాన్ని మాస్టారి చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని పాత పేజీ చదివాడు, కొత్త పేజీ చదివాడు, మళ్ళీ పాత పేజీ చదివాడు. ఎర్రకుట్టు మీద పైనుంచి కిందికి బొటనవేలు నడిపాడు. గదంతా ఆయన నోటి కోసం ఆగింది.

"అతికింది" అన్నాడు మాస్టారు.